కుందేళ్లకు గడ్డి వేస్తే రీడింగ్స్ పాడవుతాయా?

కొత్త టెక్నీషియన్:
హైదరాబాద్ శివార్లలో ఇంజెక్షన్లు తయారుచేసే ఒక కంపెనీ యానిమల్ హౌస్‌లో ఈ మధ్యే చేరాను. పైరోజెన్ టెస్ట్ (మందులో జ్వరం తెప్పించే పదార్థాలు ఉన్నాయేమో కుందేలుకు ఎక్కించి చూసే పరీక్ష) కోసం న్యూజిలాండ్ వైట్ జాతి ఆడ కుందేళ్లు ఉన్నాయి. కేజ్‌కి ఒక్కటే, కింద తీగ జాలి. పెల్లెట్లు, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. కొన్ని పొద్దస్తమానం ఊచలు కొరుకుతున్నాయి. ఒకదానికి వెనక పాదం కింద బొచ్చు ఊడి పుండు పడింది. గడ్డి వేద్దామన్నా, రెండేసి కలిపి ఉంచుదామన్నా "రీడింగ్స్ పాడవుతాయి" అంటున్నారు. నిజమేనా? చూస్తుంటే చాలా బాధగా ఉంది.

పశువైద్యుడు, యానిమల్ హౌస్ ఇన్‌చార్జ్:
అమ్మా, ముందు ఆ పుండు సంగతి చూడండి. ఇవాళే మీ వెట్‌కి చూపించండి. ముదిరితే చీము ఎముక దాకా పోతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నదాన్ని టెస్ట్‌కి వాడకూడదు కూడా. జాలి మీద సగం మేరకైనా చిల్లుల ప్లాస్టిక్ పలక వేయించండి, దాని మీద కూర్చుంటుంది.

ఇక రీడింగ్స్. ఈ టెస్ట్‌లో మనం కొలిచేదే ఒంటి వేడి. బెదిరిన కుందేలుకు మందు ఎక్కించకపోయినా వేడి పెరుగుతుంది. మనిషి చేతికి అలవాటుపడి నెమ్మదిగా ఉన్న కుందేలు ఇచ్చే రీడింగే నమ్మదగ్గది. మా దగ్గర రోజూ ఎండుగడ్డి వేస్తాం. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగడానికి నమలాలి. పేగులు కదలడానికి పీచు కావాలి. టెస్ట్ రోజు ఎలాగూ మేత ఆపుతాం, ఇక గడ్డితో ఇబ్బందేముంది?

కలిపి ఉంచడానికి తొందరపడొద్దు. ఒకే ఈతలో పుట్టిన ఆడపిల్లలను చిన్నప్పటి నుంచి జతగా పెంచడం మేలు. పెద్దవాటిని ఒక్కసారిగా ఒక కేజ్‌లో వేస్తే రక్కుకుంటాయి. ఎదిగిన మగవాటినైతే అసలు కలపొద్దు.

కేజ్ కొలతలు అడిగితే ప్రయోగ జంతువుల మీద యూరప్ వాళ్ల 2010 నాటి డైరెక్టివ్ (చట్టపరమైన ఆదేశం) చూపించండి. 3 నుంచి 5 కిలోల కుందేలుకు కనీసం 4200 చదరపు సెంటీమీటర్ల నేల, 45 సెంటీమీటర్ల ఎత్తు, ఎక్కి కూర్చోవడానికి ఒక అరుగు ఉండాలంటుంది. మీ ఎథిక్స్ కమిటీలో సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) నామినీ ఉంటారు, వారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెబితే ఎవరూ పట్టించుకోరు.

యానిమల్ అటెండర్:
మేడమ్, చెవులు పట్టి ఎత్తనివ్వకండి. వెనక కాళ్ల కింద చెయ్యి లేకపోతే తన్నుకుని నడుము విరుగుతుంది. వేసవిలో ఏసీ ఆగితే వెంటనే ఫోన్ వచ్చేలా అలారం పెట్టించండి. 30 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు, వాటికి మనలా చెమట పట్టదు.

క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) ఉద్యోగి:
మీ సరుకు యూరప్‌కి వెళ్తుంటే ఇంకో మాట కూడా అడగండి. యూరోపియన్ ఫార్మకోపియా (యూరప్‌లో మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) 2025 జూలై నుంచి తన మోనోగ్రాఫ్‌లలో, అంటే ఒక్కో మందుకు రాసిన ప్రమాణాల్లో, కుందేలు టెస్ట్ అవసరం లేకుండా చేసింది. దాని బదులు మనిషి రక్తకణాలతో చేసే మోనోసైట్ యాక్టివేషన్ టెస్ట్ ఉంది. దానికి మారడానికి వ్యాలిడేషన్ (కొత్త టెస్ట్ మీ మందుకు సరిగ్గా పనిచేస్తుందని నిరూపించడం) ఎప్పుడు మొదలుపెడతారో మీ క్యూసీ హెడ్‌ని అడగండి.