ఉచిత బస్సా, పిల్లల్ని చూసుకునే చోటా: పనిచేసే ఆడవాళ్లకు ముందు ఏది కావాలి?

ప్యాకింగ్ సెక్షన్, జడ్చర్ల

చాలా రోజులుగా మనసులో మెదులుతున్న ప్రశ్న ఇది. 2023 డిసెంబర్ 9న మన తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశారు. ఆ రోజు ఎంతో సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. మా ఊరి నుంచి రానూపోనూ అరవై రూపాయలు అయ్యేవి. నెలకు ఇరవై ఆరు డ్యూటీలు. పదిహేను వందలకు పైనే మిగిలింది. మొదటిసారి తీసుకున్న జీరో టికెట్‌ను పర్సులో దాచుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఇక రెండో లెక్క. మా బాబుకు ఏడాదిన్నర. అంగన్‌వాడీలో రోజూ కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండినవాళ్లనే. అంతకంటే చిన్నవాళ్లకు నెలకోసారి బాలామృతం ప్యాకెట్ చేతికిస్తారు. దాన్ని సంచిలో వేసుకుని, బాబును చంకన వేసుకుని ఇంటికి రావాలి. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, పరుగెత్తే పిల్లవాడి వెనక ఆమె తిరగలేదు. అందుకని పక్కింటి పెద్దమ్మకు నెలకు రెండు వేలు ఇచ్చి అప్పగిస్తున్నాను. బస్సు మీద మిగిలిన దానికి ఇంకో ఐదు వందలు కలిపితే ఆమెకు సరిపోతోంది. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు నాకు డ్యూటీ లేదు, జీతం లేదు. పోయిన నెలలో అలా నాలుగు రోజులు పోయాయి, వాటితో పాటే హాజరు బోనస్ కూడా.

నాతో కలిసి చేరిన ఆరుగురిలో ముగ్గురు పని మానేశారు. ముగ్గురూ కాన్పు తర్వాతే మానేశారు. వాళ్ల ఊళ్లకు బస్సు ఉంది, బాగానే తిరుగుతోంది.

అందుకే అంటున్నాను, ప్రభుత్వం ముందుగా డబ్బు పెట్టాల్సింది పిల్లల కేంద్రాల మీద. రెండింటికీ చాలదంటే బస్సులో సగం చార్జీ పెట్టినా నాకు సమ్మతమే. నా ఆలోచన తప్పయితే కారణంతో చెప్పండి.

క్లాక్ టవర్ ఆటో, నల్లగొండ

చెల్లెమ్మా, సగం చార్జీ మాట మీ నోటి నుంచి వచ్చినందుకు నాకు ధైర్యం వచ్చింది. మేం ఆ మాట అంటే ఆడవాళ్ల సుఖం చూడలేని వాళ్లమంటారు. నల్లగొండ నుంచి తిప్పర్తి వైపు రోజుకు ఎనిమిది ట్రిప్పులు వేసేవాడిని, ఇప్పుడు నాలుగైతే గొప్ప. ఆటో కిస్తీ మాత్రం తగ్గలేదు. నా భార్య అదే బస్సులో ఉచితంగా మిర్యాలగూడ రైస్ మిల్లుకు పనికి వెళ్తుంది. ఆమెకు మిగిలేది చూసి సంతోషపడతాను, సాయంత్రం నా జేబు చూసుకుని దిగులుపడతాను. ఇద్దరి సంపాదనా ఒకే పొయ్యి మీదికి వచ్చేదే కదా.

అచ్చంపేట అమ్మాయి

అక్కా, అన్నా, ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. సగం చార్జీ అన్న మాటే వద్దు.

మా అమ్మకు కూలి డబ్బులు వస్తాయి, అవి నాన్న దగ్గర ఉంటాయి. నడుము నొప్పితో నాగర్‌కర్నూల్ ఆసుపత్రికి వెళ్లాలంటే ముందు చార్జీ అడగాలి. అడిగితే ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తావు అని మూడు ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పలేక రెండేళ్లు నొప్పి భరించింది. ఉచితం అయ్యాక ఒక బుధవారం నాడు తనంతట తానే వెళ్లి చూపించుకుని వచ్చింది. నేను మహబూబ్‌నగర్‌లో పీజీ చదువుతున్నాను. నెలాఖరులో ఇంటికి రావాలా మానాలా అని లెక్కపెట్టుకోవడం ఇప్పుడు లేదు.

పది రూపాయలైనా సరే, టికెట్ ఉందంటే మా అమ్మ మళ్లీ చేయి చాచాలి. సున్నాకూ పదికీ మధ్య ఉన్న దూరం డబ్బు సంపాదించుకునేవాళ్లకు కనిపించదు అక్కా. అన్న కష్టం నిజమే, దానికి ప్రభుత్వం వేరే దారి చూడాలి. అది మా అమ్మ టికెట్‌లో నుంచి రాకూడదు.

చిన్న యూనిట్, చౌటుప్పల్

యజమానుల వైపు మాట కూడా ఒకటి ఉండాలి కాబట్టి రాస్తున్నాను. ప్లాస్టిక్ డబ్బాలు చేసే యూనిట్ నాది, నలభై నాలుగు మంది పనివాళ్లు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ యాభై మంది ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలంది, ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. దాంతో ఏం జరుగుతోందో చెబుతాను. నాలాంటి వాళ్లు నలభై తొమ్మిది దగ్గర ఆగిపోతారు, మిగిలినవాళ్లను కాంట్రాక్టర్ పేరు మీద రాయిస్తారు.

అదే సవరణ కాన్పు సెలవును 26 వారాలకు పెంచింది. ఇక్కడ ఒక తేడా గమనించండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఆ సెలవు డబ్బు కార్మికుల బీమా సంస్థ ఈఎస్ఐ ఇస్తుంది. దానికి మేం కట్టేది జీతంలో 3.25 శాతం, మగవాడికీ ఆడమనిషికీ ఒకటే. కాబట్టి ప్యాకింగ్‌కు ఆడవాళ్లను తీసుకోవడానికి నాకు జంకు లేదు. జీతం ఆ గీత దాటిన అకౌంటెంటో సూపర్‌వైజరో కాన్పుకు వెళ్తే ఆరు నెలల జీతం మొత్తం యజమాని మీదే పడుతుంది. పెళ్లి ఎప్పుడు అని ఇంటర్వ్యూలో అడిగేది అక్కడే. నేనూ ఒకసారి అడిగాను. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది, లేచి వెళ్లిపోయింది. అడిగినందుకు ఈ రోజుకూ సిగ్గుపడుతున్నాను.

నాకు అర్థమైనది ఇంతే. బిడ్డ ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడితే అతను ఆడవాళ్లను తప్పించుకు తిరుగుతాడు. అందరి మీదా చందాగా వేస్తే తప్పించుకునే అవసరం రాదు. పిల్లల కేంద్రాన్ని కూడా ఈఎస్ఐ పద్ధతిలోనే నడపాలి.

ప్యాకింగ్ సెక్షన్, జడ్చర్ల

మీరు సిగ్గుపడుతున్నానని రాసినందుకు గౌరవం కలిగింది అన్నా. మీ చందా మాటకు దగ్గరగా చట్టంలో ఒక వీలు ఉంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కొన్ని సంస్థలు వనరులు కలుపుకుని ఉమ్మడిగా పిల్లల కేంద్రం నడుపుకోవచ్చని రాశారు. మున్సిపాలిటీ పెట్టిన కేంద్రాన్ని అందరూ వాడుకోవచ్చని కూడా ఉంది. మా దగ్గరి పోలేపల్లి పారిశ్రామిక సెజ్‌లో కంపెనీల గేట్లన్నీ పక్కపక్కనే. అక్కడ ఒక్కటి పెడితే ఎన్ని కంపెనీల తల్లులకు పనికొస్తుందో ఆలోచించండి.

మగ్గం గుంత, గట్టుప్పల్

మీరందరూ ఇల్లు దాటి వెళ్లే ఆడవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను గడప దాటను, తెల్లవారిన దగ్గర నుంచి పనిలోనే ఉంటాను. కండెలు చుట్టేది నేను. ఆసు పోసేది నేను. చిటికి కట్టడంలో, అంటే రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడంలో, సగం నాది. నేసేది ఆయన. చీర పూర్తయితే మజూరి ఆయన చేతికి వస్తుంది. నా పనికి పేరు 'సాయం'. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ రంగంలో ఉన్నవాళ్లలో 72 శాతం ఆడవాళ్లే. మరి మజూరి ఎవరి చేతిలో పడుతోంది?

ఆసు అంటే తెలియని వారికి చెబుతాను. అర్ధచంద్రంలా నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని ఒక్కో పోగుగా చేత్తో తిప్పాలి. ఒక్క చీరకే చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. రాత్రి పడుకుంటే భుజం తన పాటికి తాను అదురుతూనే ఉంటుంది. ఆలేరు ప్రాంతం వాడైన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గర్వంగా ఉంది. బాధ కూడా ఉంది, ఎందుకంటే ప్రభుత్వం చేయాల్సిన ఆలోచన ఒక కొడుకు చేయాల్సి వచ్చింది.

నాకు కావాల్సింది గుర్తింపు కార్డు మీద నా పేరు, నా కండెలకూ ఆసుకూ విడిగా మజూరి, అది నా ఖాతాలో పడటం. బస్సూ పిల్లల కేంద్రమూ ఆ తర్వాత.

వనపర్తి నాన్న

అందరూ తల్లులనే లెక్కలో వేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఇస్తున్నారని తేలింది. ఇది పనిలో పాలు పంచుకునే మగవాళ్ల లెక్క మాత్రమే, అసలు చేయి పెట్టనివాళ్లు ఇందులో లేరు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ అంకె చదివిన రాత్రి నుంచి గిన్నెలు నేనే తోముతున్నాను.

సర్కారు బడి టీచర్, గద్వాల వైపు

ప్యాకింగ్ చెల్లెలి మాటకే నా ఓటు. కారణం నా హాజరు పట్టీలో ఉంది.

మా వైపు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి, ఎక్కువ. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మొగ్గలు గిల్లాలి, అంటే ఆడ మొక్క మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడలు తీసేసి గుర్తుగా కాగితం ముక్క పెట్టాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. రెండు నెలలు ఒక్క రోజు కూడా తప్పకూడదు. ఈ పనికి కావాల్సింది సన్నని వేళ్లు అని చెప్పి ఆడవాళ్లనూ ఆడపిల్లలనూ పిలుస్తారు.

ఆ రెండు నెలల్లో నా నాలుగో తరగతిలో ఆడపిల్లల వరుస ఖాళీ అవుతుంది. అందరూ చేలోనే ఉండరు. పోయిన సీజన్‌లో నా విద్యార్థిని ఒకతె కోసం వెతుక్కుంటూ వెళ్లాను. గట్టు మీద వేపచెట్టుకు కట్టిన చీర ఊయల పక్కన కూర్చుని ఉంది. ఊయలలో తమ్ముడు. ఒక చేత్తో తాడు లాగుతోంది, ఇంకో చేత్తో ఒళ్లో నా తెలుగు వాచకం పట్టుకుంది. నన్ను చూసి లేవబోయి, తమ్ముడు లేస్తాడని మళ్లీ కూర్చుండిపోయింది. పాఠం ఎక్కడి దాకా అయిందని అడిగింది. నాకు మాట రాలేదు.

తల్లి కూలికి వెళ్తే బిడ్డను చూసుకునేది ఎవరన్న ప్రశ్నకు మా దగ్గర సమాధానం ఆ పదేళ్ల పిల్ల. 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు, పనిచోట చిన్నపిల్లలు ఐదుగురు ఉంటే ఒక మహిళను వాళ్లను చూసుకోవడానికే పెట్టి కూలి ఇవ్వాలని. రైతు చేలో పనికి అలాంటి నియమం ఏదీ లేదు. ఒక కేంద్రం పెడితే తల్లి కూలీ నిలబడుతుంది, ఆ పిల్ల చదువూ నిలబడుతుంది.

అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ

ఇంత సేపూ చదివి ఊరుకున్నాను. ఇక రాయక తప్పదు. పిల్లల కేంద్రం, పిల్లల కేంద్రం అంటున్నారు, దాన్ని నడిపేది ఎవరు?

నాకు తెలుసు ఏం జరుగుతుందో. ఒక ఉత్తర్వు వస్తుంది, మా సెంటర్ సాయంత్రం ఆరు దాకా తెరవాలని. ఏడు నెలల పిల్లల నుంచి తీసుకోవాలని. మనుషులు మాత్రం నేనూ, ఆయా. ఇప్పుడే పొద్దున బరువులు తూచాలి, ఫోనులో ఫోటోలు ఎక్కించాలి, గర్భిణులకు భోజనం పెట్టాలి, గుడ్లు లెక్కపెట్టాలి, మధ్యలో ఓటర్ల జాబితా సర్వే. 1975లో ఈ అంగన్‌వాడీల పథకం మొదలైంది. యాభై ఏళ్లయినా మాకు వచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గ్రాట్యుటీకి మేం అర్హులమని చెప్పించుకోవడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

చెల్లీ, నీ బాబును చూసుకోవడం నాకు ఇష్టమే. నేనూ తల్లినే. పాలు తాగే పిల్లలు పదిమంది ఉంటే ఇద్దరు మనుషులు కావాలి, వాళ్లకు వేరే గది కావాలి, చల్లని నీళ్లు కావాలి, ఉచ్చగుడ్డలు ఉతికే చోటు కావాలి. ఒక ఆడమనిషి ఉద్యోగం నిలబెట్టడానికి ఇంకో ఆడమనిషి చాకిరీని చవగ్గా వాడుకోవద్దు. నేను అడిగేది అదొక్కటే.

క్లాక్ టవర్ ఆటో, నల్లగొండ

టీచరమ్మ మాట నాకు తగిలింది. మా పాప ఆ సెంటర్‌లోనే పెరిగింది. ఆమెకు ఎంత వస్తుందని ఏ రోజూ అడగలేదు.

ప్యాకింగ్ సెక్షన్, జడ్చర్ల

అందరి మాటా రెండుసార్లు చదివాను. నా మొదటి మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

బస్సు చార్జీ గురించి అన్నది తప్పు. అచ్చంపేట చెల్లీ, నా జీతం నా ఖాతాలో పడుతుంది కాబట్టి పది రూపాయలు నాకు చిన్నవయ్యాయి. మీ అమ్మగారికి ఆ బస్సే స్వేచ్ఛ. దాన్ని ముట్టుకోకూడదు. ఆటో అన్నకు మాత్రం మాలాంటి వాళ్ల దగ్గర పని ఉంది. మా రెండో షిఫ్టు రాత్రి పదింటికి విడుస్తారు, ఆ వేళకు మా ఊరికి పల్లెవెలుగు లేదు. రాత్రి షిఫ్టు ఆడవాళ్లను ఇంటి దగ్గర దింపడానికి ఊరి ఆటోలతో కంపెనీలు నెలవారీ ఒప్పందం చేసుకోవాలని అడగవచ్చు. కూలి పోయిన చోటే కొత్త కూలి పుడుతుంది.

గట్టుప్పల్ అక్కా, మీకు జవాబు చెప్పే అర్హత నాకు లేదు. కార్డు మీద పేరు మాత్రం ఖర్చు లేని పని, దానికి దేని తర్వాతా ఆగాల్సిన అవసరం లేదు.

పిల్లల కేంద్రం మాట మీద ఉన్నాను, ఇంకా గట్టిగా ఉన్నాను. దేవరకొండ అక్క చెప్పిన షరతుతోనే. మూడేళ్ల లోపు పిల్లలకు విడిగా ఇద్దరు కార్యకర్తలు, కనీస వేతనం, ఈఎస్ఐ, పీఎఫ్. ఫ్యాక్టరీలున్న చోట యజమానుల చందా, పల్లెల్లో ప్రభుత్వ ఖర్చు. కేంద్ర ప్రభుత్వం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలకు అనుబంధంగా పిల్లల కేంద్రాలు మంజూరు చేస్తోంది. మన జిల్లాలకు ఎన్ని వచ్చాయి, ఎన్ని తెరిచారు అని సమాచార హక్కు కింద అడుగుతూ దరఖాస్తు రాస్తున్నాను. మన జిల్లాల్లో ఎక్కడున్నవాళ్లయినా తమ మండలం పేరు పంపండి.

సర్కారు బడి టీచర్, గద్వాల వైపు

మా మండలం పేరు విడిగా పంపాను. ఇంకో మాట. మా బడిలో పిల్లలు తగ్గి ఒక గది ఖాళీగా ఉంది. కిటికీలు బాగున్నాయి, పక్కనే బోరు ఉంది. ఆగస్టులో క్రాసింగ్ ఊపందుకుంటుంది. ఆ లోపు ఇద్దరు మనుషుల కూలి ఎవరు ఇస్తారో తేలితే తాళం చెవి నా దగ్గరే ఉంది. హెడ్మాస్టర్ గారితో మాట్లాడాను, సరే అన్నారు.

చిన్న యూనిట్, చౌటుప్పల్

టీచర్ గారూ, ఒక మనిషి మూడు నెలల కూలి నేను ఇస్తాను. రెండో మనిషికి ఎవరైనా ఉన్నారా?