థర్మల్ ప్లాంటు మూస్తే కాంట్రాక్టు కార్మికుల సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం. మా అన్నయ్య ఇక్కడి థర్మల్ ప్లాంటులో బొగ్గు దింపే చోట కాంట్రాక్టు కార్మికుడు. డ్యూటీ దిగి వచ్చి చొక్కా దులిపితే వాకిట్లో నల్లటి పొడి రాలుతుంది. ఇల్లంతా ఆ జీతం మీదే గడుస్తోంది.

2070 నాటికి నెట్ జీరో (అంటే గాలిలోకి వదిలే వేడి పెంచే వాయువులు, గాలి నుంచి తిరిగి తీసేసేవి సమానం కావడం) సాధిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం ప్రకటించింది. బొగ్గు తగ్గాల్సిందే, మన బెజవాడ ఎండలు చూశాక ఎవరు కాదనగలరు? నా టెన్షన్ మనుషుల గురించి. దక్షిణాఫ్రికాలో కొమాటి అనే బొగ్గు విద్యుత్ ప్లాంటును 2022లో మూసేశారు. అక్కడ సోలార్‌కీ, శిక్షణకీ ప్రపంచ బ్యాంకు డబ్బు ఇచ్చింది. బొగ్గు నుంచి బయటపడటానికి అదే ఏడాది ఇండోనేషియాకు 2,000 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అందులో ఎక్కువ భాగం అప్పే.

కొమాటిలో పర్మినెంటు వాళ్లతో పాటు కాంట్రాక్టు వాళ్లకూ ఏమైనా దక్కిందా? మన దగ్గర అలాంటి రోజు వస్తే, పీఎఫ్ తప్ప చేతిలో ఏ కాగితమూ లేని మనిషి ఎవరిని, ఏమని అడగాలి? యూనియన్లలో పనిచేసినవాళ్లు, కార్మిక చట్టాలు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. అన్నయ్య ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఇప్పుడే సోలార్ పని నేర్చుకోమనాలా, ఇంకొన్నాళ్లు ఆగమనాలా?