అమ్మాయి ఫోన్ వదలడం లేదు, గొడవ పడకుండా ఎలా మాన్పించాలి?

మా అమ్మాయికి 14 ఏళ్ళు. నాలుగు నెలలుగా అర్ధరాత్రి దాటేదాకా రీల్స్ చూస్తూనే ఉంటోంది. తను పెట్టిన ఫొటోకి లైకులు తక్కువొస్తే ఆ రోజంతా ముభావంగా ఉంటుంది, చివరికి ఫొటో తీసేస్తుంది. మొన్న అద్దం ముందు నిలబడి "నా మొహం ఏం బాలేదు కదమ్మా" అంది. అప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్.

కోపంలో ఒకసారి ఫోన్ లాక్కున్నాను. రెండు రోజులు నాతో మాటల్లేవు (అలా చేయాల్సింది కాదేమో). రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియా వాడే టీనేజర్లకు డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యల ముప్పు రెట్టింపని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వంలో ప్రజల ఆరోగ్యం గురించి సలహాలిచ్చే ముఖ్య డాక్టర్) 2023లో ఇచ్చిన హెచ్చరికలో చదివాను. మా అమ్మాయి ఆ 3 గంటలు ఎప్పుడో దాటేసింది.

రాత్రిపూట ఫోన్ హాల్లో పెట్టించడం మీలో ఎవరికైనా పనిచేసిందా? పిల్లల్ని ఎలా ఒప్పించారు? కౌన్సెలర్ దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్ళాలా, కొన్నాళ్ళు చూడొచ్చా?