మూడో లాంచ్ ప్యాడ్ వస్తే శ్రీహరికోటలో ఆలస్యాలు తగ్గుతాయా?

తిరుచానూరు రోడ్డు:
మూడో ప్యాడ్‌కు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.3,984.86 కోట్లు మంజూరు చేసింది. నాలుగేళ్లలో పూర్తి కావాలట. అప్పటినుంచి మన ఊళ్లో నలుగురు కూడితే చాలు, ప్యాడ్ రావడమే తరువాయి, విదేశీ ఉపగ్రహాలు బారులు తీరతాయని ఒకటే మాట. నాకు నమ్మకం లేదు. 2025 మొత్తం మీద శ్రీహరికోట నుంచి కక్ష్యకు బయల్దేరిన రాకెట్లు ఐదు. రెండు ప్యాడ్‌లు ఉండీ ఐదు! ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన జాబితా చూస్తే 2025 మార్చిలోపు సుమారు 30 ప్రయోగాలు జరగాలి. చాలావరకు కాగితం దాటలేదు. కొరత ప్యాడ్‌లకు కాదు, రాకెట్లకు.

సూళ్లూరుపేట వాసి:
రెండు ప్యాడ్‌లు అని కలిపి లెక్కేస్తే ఎలాగండీ? మొదటిది పీఎస్ఎల్‌వీ, ఎస్ఎస్ఎల్‌వీ రాకెట్లకు. వాటికంటే పెద్దవైన జీఎస్ఎల్‌వీ, ఎల్‌వీఎం3 లేవాలంటే 2005 నుంచి పనిచేస్తున్న రెండోదే దిక్కు. రేపు మనుషులను పంపే గగన్‌యాన్ కూడా అక్కడినుంచే. దానికి ఏదైనా జరిగితే పెద్ద రాకెట్లన్నీ షెడ్డులోనే ఉండిపోతాయి. మూడోది అందుకు భరోసా. పైగా రాబోయే తరం భారీ రాకెట్‌కు ఇప్పుడున్న రెండూ చాలవు.

తిరుచానూరు రోడ్డు:
భరోసా అంటే ఒప్పుకుంటాను. ఆలస్యాలకు మందు అంటేనే పేచీ. 2023 జులైలో చంద్రయాన్-3ని మోసుకెళ్లిన తర్వాత ఎల్‌వీఎం3 మళ్లీ ఎగిరింది ఎప్పుడు? 2025 నవంబర్ 2న. రెండేళ్లకు పైగా విరామం. ఆ తర్వాత 52 రోజులకే, డిసెంబర్ 24న, అదే ప్యాడ్ నుంచి ఒక అమెరికా కంపెనీ వాళ్ల బ్లూబర్డ్ అనే ఉపగ్రహంతో ఇంకొకటి లేచింది. రాకెట్ సిద్ధంగా ఉంటే ప్యాడ్ అడ్డం రాలేదు కదా! ఇంజిన్లు ఏడాదికి ఎన్ని తయారవుతున్నాయి, ఘన ఇంధనం ఎన్ని మోటార్లలో నింపగలుగుతున్నారు, అది అడగండి ముందు.

కాణిపాకం దారి:
ఇస్రోనే ఎందుకు ఆడిపోసుకుంటారు? ఊరందరిదీ ఇదే కథ. యూరప్ రాకెట్ ఏరియన్-6 2020లో ఎగరాల్సింది, 2024 జులైలో ఎగిరింది. అమెరికా రాకెట్ వల్కన్ కూడా ఏళ్ల తరబడి నాన్చి 2024 జనవరికి తేలింది. అమెజాన్ తన ఇంటర్నెట్ ఉపగ్రహాల కోసం 2022లో 83 దాకా ప్రయోగాలకు ఒప్పందాలు చేసుకుంది. అవి ఏ రాకెట్ల మీదో తెలుసా? ఏరియన్-6, వల్కన్, న్యూ గ్లెన్. అప్పటికి వాటిలో ఒక్కటీ ఎగరలేదు! చివరికి పోటీదారు స్పేస్‌ఎక్స్ దగ్గరే మూడు ఫాల్కన్-9లు కొనుక్కుంది. స్పేస్‌ఎక్స్ ఎగరేసే ఫాల్కన్‌లలో కూడా సగానికి పైగా దాని సొంత ఇంటర్నెట్ ఉపగ్రహాల, అంటే స్టార్‌లింక్ సరుకే. ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా సోయుజ్ రాకెట్లు ఆగిపోయినప్పుడు బ్రిటన్ ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వన్‌వెబ్ వాళ్లు ఎవరి తలుపు తట్టారు? మనదే. వాళ్ల ఉపగ్రహాలు 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో 36 పంపించాం కదా.

ఉపగ్రహాల కంపెనీ మనిషి:
తిరుపతిలో పుట్టి పెరిగి, బయట ఒక చిన్న ఉపగ్రహాల సంస్థలో పనిచేస్తున్నాను. తేదీ మారితే మాకు ఏమవుతుందో చెబుతాను. ఉపగ్రహం పెట్టెలో ఉంటుంది, తేమ చేరకుండా లోపలికి పొడి నైట్రోజన్ పంపిస్తూ ఉండాలి. బ్యాటరీ పూర్తిగా నింపి వదలకూడదు, అడుగంటనివ్వకూడదు, కనుక ఎప్పటికప్పుడు ఒకరు వెళ్లి చూసుకోవాలి. బీమా, భూకేంద్రం బుకింగు, రేడియో అనుమతి అన్నీ తేదీతోపాటు వెనక్కి జరుగుతాయి. జీతాల తేదీ మాత్రం జరగదు.

సూళ్లూరుపేట వాసి:
మీది పెద్ద ఉపగ్రహం పక్కన సర్దుకునే ప్రయాణం కదా. సర్వదర్శనం టోకెను తీసుకుని బ్రేక్ దర్శనం వేళలు అడిగితే కుదురుతుందా? పైగా ప్రతిసారీ తప్పు రాకెట్‌దే కాదు. 2024 డిసెంబర్ 4న యూరప్ ఉపగ్రహం ప్రోబా-3 ప్రయోగం కౌంట్‌డౌన్ చివరి గంటలో ఆగింది ఉపగ్రహంలోని లోపం వల్ల. మర్నాడే పంపించారు.

ఉపగ్రహాల కంపెనీ మనిషి:
చవక టికెట్టని తెలిసే కొన్నామండీ, వేచి ఉండటానికి పేచీ లేదు. నా భయం ఆలస్యం కాదు, తొందర. 2025 మేలో పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది. ఆ వైఫల్య నివేదిక ప్రజల ముందుకు రాలేదు. 2026 జనవరి 12న సీ62 ఎగిరింది, మళ్లీ మూడో దశలోనే పోయింది. ప్రధాన ఉపగ్రహంతోపాటు 15 చిన్నవి ఉన్నాయి అందులో. అవి కట్టినవాళ్లలో ఒక్కరిని అడగండి, ఇంకో ఆరు నెలలు ఆగమని చెప్పి ఉంటే ఆగేవారా కాదా అని. కొత్త ప్యాడ్ ఈ దిగులు తీర్చదు. నివేదిక తీరుస్తుంది.

కాణిపాకం దారి:
ఇది మాత్రం కాదనలేను. అయితే రక్షణ అవసరాల ఉపగ్రహాలు ఉన్న రాకెట్ గురించి అన్నీ బయటపెట్టాలంటే ఏ దేశమూ పెట్టదు.

ఉపగ్రహాల కంపెనీ మనిషి:
ఉపగ్రహం గుట్టు ఎవరడిగారు? మోటారులో పీడనం ఎందుకు పడిపోయిందో చెబితే చాలు. ఆ మాట బీమా వాళ్లకైనా తెలియాలి, లేకపోతే వచ్చేసారి ప్రీమియం మా తలకు చుట్టుకుంటుంది.

పులికాట్ గట్టు:
మీ లెక్కల్లో జాలర్లం మేము లేము. ప్రయోగం ఉందంటే సముద్రంలోకి పడవలు వెళ్లకూడదని చాటిస్తారు. తేదీ మారితే ఇంకో రోజు వేట పోతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపాను భయం వల్ల పోయే రోజులు ఎలాగూ ఉన్నాయి. ప్యాడ్ మూడైనా ముప్పయ్యైనా కట్టుకోండి. వాయిదా వేస్తే ఆ కబురు చీకటి పడకముందే ఊళ్లోకి పంపండి.

తిరుచానూరు రోడ్డు:
మళ్లీ నా మొదటి మాటకే వస్తాను. ఐదు పీఎస్ఎల్‌వీలు తయారు చేసి ఇమ్మని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హాల్ (హెచ్ఏఎల్), ప్రైవేటు కంపెనీ ఎల్ అండ్ టీల కూటమికి 2022లోనే రూ.860 కోట్ల ఒప్పందం ఇచ్చారు. 2025 ముగిసేనాటికి వాటిలో ఒక్కటీ ఎగరలేదు. అవి లేవాల్సిన మొదటి ప్యాడ్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీ. మూడో ప్యాడ్ కావాలనేవారు ముందు దీనికి జవాబు చెప్పండి.