ఎయిర్‌లైన్ మూతపడితే రిఫండ్ గురించి తప్ప ఇంకేం మాట్లాడరా?

యలహంక_వాసి:

చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న. మా చెల్లెలు బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌లో ఒక ఎయిర్‌లైన్ చెక్-ఇన్ కౌంటర్‌లో పనిచేసేది. ఆ కంపెనీ మూతపడింది. పేరు వద్దు, క్లెయిం ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఆఖరి నెలల జీతాలు రాలేదు, పీఎఫ్ పాస్‌బుక్‌లో కొన్ని నెలలు ఖాళీ. సరే, అదంతా కోర్టులో తేలాలి.

నేను అడిగేది వేరే. ఇంతమంది ఉద్యోగాలు ఒక్క రాత్రిలో పోతే జనానికి ఎందుకు పట్టదు? మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా రిఫండ్ ఎప్పుడొస్తుంది, కార్డు మీద చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) పెట్టొచ్చా, వేరే ఫ్లైట్‌కి గోవా టికెట్ ఎంత పెరిగింది, ఇవే మాటలు. మా చెల్లెలు అక్కడే పనిచేస్తుందని అందరికీ తెలుసు. ఒకాయన ఆమెకి ఫోన్ చేసి "అమ్మా, మీవాళ్ళతో మాట్లాడి నా రిఫండ్ కొంచెం త్వరగా ఇప్పించగలవా" అని అడిగాడు. నీ జీతం సంగతేంటమ్మా అని మాత్రం అడగలేదు.

కింగ్‌ఫిషర్ ఈ ఊరి కంపెనీయే కదా. 2012 అక్టోబర్‌లో లైసెన్స్ సస్పెండ్ అయింది. ఇప్పుడు ఎవర్ని కదిపినా ఓనర్ మాల్యా, లండన్, 9 వేల కోట్ల బాకీ, క్యాలెండర్, గోవా బంగళా, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్తారు. నెలల తరబడి జీతాల్లేకుండా పనిచేసినవాళ్ళు ఏమయ్యారో చెప్పమనండి చూద్దాం. జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు దాదాపు 20 వేలమంది రోడ్డున పడ్డారు, దాని గురించి చర్చ ఎన్నాళ్ళు నడిచింది? ఇది మీడియా తప్పా, మన తప్పా, లేక విమానం అంటేనే డబ్బున్నవాళ్ళ గొడవ అని వదిలేస్తున్నామా?

పాత_డెస్క్:

కొన్నేళ్ళు తెలుగు పేపర్ డెస్క్‌లో, తర్వాత ఒక చానల్‌లో పనిచేశాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో చెప్తాను.

మొదటిది, ఎయిర్‌లైన్ వార్త బిజినెస్ పేజీది. అది స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి పంపిన నోటీసు నుంచో, ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) ఆర్డర్ నుంచో, బ్యాంకుల ప్రకటన నుంచో పుడుతుంది. ఆ కాగితాల్లో ఉద్యోగి అంటే ఒక అంకె. రెండోది మన తెలుగు పేపర్లకే ఉన్న ఇబ్బంది. మన పేపర్ల బలమంతా జిల్లా పేజీలు. బెంగళూరులో ఉద్యోగం పోయిన అనంతపురం అమ్మాయి కథ ఏ జిల్లా పేజీలో పెట్టాలి? అనంతపురం విలేకరికి అది తన ఏరియా వార్త కాదు, బెంగళూరు విలేకరికి మెయిన్‌లో చోటు దొరకదు. పోతే పోనీ అని సింగిల్ కాలమ్ వేసి ఊరుకుంటాం.

టీవీ సంగతి ఇంకా ఘోరం. టీవీకి దృశ్యం కావాలి. ఎయిర్‌పోర్ట్‌లో చిక్కుకున్న ప్రయాణికుడు అరుస్తుంటే అది దృశ్యం, సూట్‌కేసులు, ఏడుస్తున్న పిల్లలు, ఒక గంట లైవ్ లాగొచ్చు. ఉద్యోగి కెమెరా ముందుకి రాడు. ఎందుకు రాడంటే ఈ దేశంలో ఉన్నవే నాలుగైదు పెద్ద ఎయిర్‌లైన్లు, రేపు వాటిలోనే ఉద్యోగం అడగాలి, టీవీలో కంపెనీని తిట్టిన మొహం ఇంటర్వ్యూలో గుర్తుపడతారని భయం. మొహం బ్లర్ చేసి బైట్ తీసుకుందామన్నా ఒప్పుకోనివాళ్ళని చూశాను.

తేదీలు కూడా చూడండి. జెట్ ఆఖరి విమానం 2019 ఏప్రిల్ 17 రాత్రి. తెల్లారితే బెంగళూరులో, చెన్నైలో లోక్‌సభ పోలింగ్. ఆంధ్రలో వారం ముందే పోలింగ్ అయిపోయి మన చానళ్ళన్నీ ఈవీఎంల గొడవలో ఉన్నాయి. గో ఫస్ట్ ఎయిర్‌లైన్ దివాలా పిటిషన్‌ని ఎన్‌సీఎల్‌టీ అనుమతించింది 2023 మే 10న, సరిగ్గా ఆరోజే కర్ణాటక అసెంబ్లీ పోలింగ్. ఇందులో కుట్రేం లేదు. కానీ ఎన్నికలు అయిపోయాక వెనక్కి వచ్చి చూశామా అంటే చూడలేదు, అది మాత్రం మా తప్పే.

జావా_జీవి:

కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మారతహళ్ళిలో ఏ పీజీలోకి వెళ్ళినా లేఆఫ్ అయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. వాళ్ళ గురించి ఎవరు ఏడుస్తున్నారు? ప్రైవేట్ ఉద్యోగం అంటేనే అంత. పైగా పైలట్ల జీతాలు నెలకి లక్షల్లో ఉంటాయి, బ్యాంకుల్లో మునిగింది మన డబ్బు, మళ్ళీ వాళ్ళకోసం మనమే జాలిపడాలా? నష్టాల్లో ఉన్న కంపెనీ అని పేపర్లలో వస్తూనే ఉంటుంది కదా, ముందే వేరేచోటు చూసుకోవాల్సింది.

పల్లావరం_టెక్నీషియన్:

@జావా_జీవి తమ్ముడూ, కోపం లేదు గానీ కొన్ని విషయాలు తెలుసుకో. నేను చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో లైన్ మెయింటెనెన్స్‌లో (ఫ్లైట్ల మధ్యలో విమానం చెక్ చేసి బాగుచేసే పని) చేశాను, మూతపడిన కంపెనీలోనే.

లక్షల జీతం కమాండర్‌ది, అంటే విమానానికి మెయిన్ పైలట్‌ది. ఒక విమానం ఎగరాలంటే వెనకాల కౌంటర్‌లో అమ్మాయి, బ్యాగులు మోసే లోడర్, ర్యాంప్ మీద ట్రాక్టర్ నడిపేవాడు, స్టోర్స్ గుమాస్తా, క్రూ క్యాబ్ డ్రైవరు ఉంటారు. వీళ్ళలో చాలామంది ఏజెన్సీ మనుషులు, కంపెనీ రోల్స్ మీద కూడా ఉండరు. కాబట్టి "ఇంతమంది ఉద్యోగాలు పోయాయి" అని పేపర్లో వేసే అంకెలో చాలాసార్లు వీళ్ళు లేనే లేరు. పైలట్ల మాట కూడా విను. ట్రైనింగ్‌కి, ఆ పైన టైప్ రేటింగ్‌కి (ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా కావాల్సిన అర్హత) లోన్ తీసుకున్న కుర్ర ఫస్ట్ ఆఫీసర్‌కి, అంటే కో-పైలట్‌కి, జీతం ఆగినా ఈఎంఐ ఆగదు.

ముందే వెళ్ళిపోవాల్సింది అంటావు. వెళ్ళిపోవాలంటే నోటీస్ పీరియడ్ ఉంటుంది, కమాండర్లకి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారమే ఏడాది, ఫస్ట్ ఆఫీసర్లకి ఆరు నెలలు. మాలాంటివాళ్ళకి బాండ్, ముందే మానేస్తే డబ్బు కట్టాలి. పైగా రాజీనామా చేస్తే పాత బకాయి రాదేమోనన్న భయం, వచ్చే నెల ఇన్వెస్టర్ వస్తున్నాడని మేనేజ్‌మెంట్ చెప్పే కబుర్లు. ఆ కబుర్లు నమ్మే నెలలు గడిపేశాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. చెన్నైలో ఉన్నవాళ్ళకి ఫోర్డ్ గుర్తుండే ఉంటుంది. మరైమలై నగర్ ప్లాంట్ మూసేస్తున్నామని 2021 సెప్టెంబర్‌లో చెప్పారు. 2022 వేసవిలో వర్కర్లు పని ఆపి గేటు దగ్గర కూర్చున్నారు, రోజూ పేపర్లో వచ్చింది, కంపెనీ పరిహారం పెంచక తప్పలేదు. ఎందుకంటే అక్కడ ఒక గేటు ఉంది, ఆ గేటు వెనకాల ఇంకా తయారుకావాల్సిన కార్లు ఉన్నాయి, చుట్టుపక్కల టీ కొట్టు నుంచి అద్దె ఇళ్ళ దాకా ఆ ప్లాంట్ మీద బతికే ఊరుంది.

మాకు గేటేది? ఎయిర్‌పోర్ట్ సీఐఎస్ఎఫ్ చేతుల్లో ఉంటుంది, ఉద్యోగం పోతే మొదట తీసుకునేది ఎంట్రీ పాస్. అది లేకపోతే మా సొంత కౌంటర్ దగ్గరికి కూడా వెళ్ళలేం. మనుషులం చూస్తే చెన్నైలో కొందరు, కొచ్చిలో కొందరు, గువాహటిలో కొందరు, అందరం ఒకచోట కూర్చోవాలంటేనే ముందు రైలు టికెట్లకి డబ్బులు కావాలి. ఇక మా కంపెనీ ఖాళీ చేసిన కౌంటర్ మీద కొన్నాళ్ళకే ఇంకో ఎయిర్‌లైన్ బోర్డు వెలుగుతుంది. జెట్ ఆగిన కొద్ది వారాల్లోనే దాని స్లాట్లు (ఎయిర్‌పోర్ట్‌లో దిగడానికి, ఎగరడానికి ఇచ్చే టైములు) వేరేవాళ్ళకి ఇచ్చారు కదా. ప్రయాణికుడికి మళ్ళీ ఫ్లైట్ దొరికింది, చార్జీ కొంచెం ఎక్కువైంది, అంతే. వాడికి ఇబ్బంది తీరిన రోజే వార్త కూడా చచ్చిపోయింది. మూతపడిన ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి రోడ్డుపక్కన కనిపిస్తూనే ఉంటుంది, మూతపడిన ఎయిర్‌లైన్ కనిపించదు. విమానాలు కూడా వాళ్ళవి కావు, లీజువి.

లీజు అన్నాను కాబట్టి ఇంకోటి. గో ఫస్ట్ ఆగింది 2023 మేలో. లీజుకిచ్చిన విదేశీ కంపెనీలు మా విమానాలు మాకివ్వండని గట్టిగా పట్టుబట్టాయి. అదే ఏడాది అక్టోబర్‌లో విమానాలకి దివాలా మారటోరియం (కేసు నడిచినన్నాళ్ళు కంపెనీ దగ్గరున్న ఆస్తిని ఎవరూ తీసుకోకూడదన్న ఆంక్ష) వర్తించదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ 50కి పైగా విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమంది, అంటే వాళ్ళు తీసుకెళ్ళొచ్చు. 2025లో వాళ్ళ హక్కులకి ఏకంగా చట్టమే వచ్చింది. తప్పని అనను, వాళ్ళ ఆస్తి వాళ్ళది. కానీ జీతం కూడా చేసిన పనికి రావాల్సిన ఆస్తే, దానికోసం ఎవరూ అంత వేగంగా కదలలేదు. వాళ్ళకి లాయర్లున్నారు, మాకు వాట్సాప్ గ్రూపుంది.

కడప_కుర్రోడు:

మీడియాని తిట్టేముందు మనల్ని మనం చూసుకోవాలి అన్నా. 2015లో కడప ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పుడు బెంగళూరుకి ఎయిర్ పెగసస్ వేశారు, ఊరంతా సంబరం. అది బెంగళూరు కంపెనీ, మరుసటి ఏడాది జూలైలో ఆగిపోయింది. మావాళ్ళన్నది ఒకటే మాట, "మళ్ళీ నైట్ బస్సే గతి". ఎయిర్ కోస్టా అయితే మన విజయవాడ కంపెనీ. 2013లో మొదలైనప్పుడు తెలుగోడి విమానం అని గొప్పలు చెప్పుకున్నాం. 2017 ఫిబ్రవరి చివర్లో ఆగితే ఉద్యోగుల గురించి ఆంధ్రలో ఎవరైనా ఒక్క ధర్నా చేశారా? హైదరాబాద్ ట్రూజెట్ 2022లో ఆగింది, అదీ అంతే. కులానికో సినిమా హీరోకో అవమానం జరిగిందంటే మాత్రం రాత్రికి రాత్రి హ్యాష్‌ట్యాగ్ లేస్తుంది.

జావా_జీవి:

లోడర్ల సంగతి, ఏజెన్సీ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటా. కానీ బ్యాంకు డబ్బు విషయంలో నా మాట మీదే ఉన్నా. అప్పులు చేసి పార్టీలు చేసుకున్నవాడి కంపెనీ అంటే జనానికి ఒళ్ళుమండుతుంది, ఆ మంట కింద ఉద్యోగి కనపడడు. 2015 డిసెంబర్‌లో మాల్యా గోవాలో 60వ పుట్టినరోజు చేసుకున్న ఫోటోలు చూసినవాడికి కింగ్‌ఫిషర్ అనగానే గుర్తొచ్చేది అదే.

యలహంక_వాసి:

అందరికీ థాంక్స్. పల్లావరం అన్న చెప్పిన గేటు పాయింట్ నాకు ఇన్నాళ్ళు తట్టలేదు. మా చెల్లెలు ఇప్పుడు ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీస్‌లో చేస్తోంది, జీతం తక్కువే కానీ టైంకి వస్తోంది. పనిలో పని, పీఎఫ్ కట్ చేసి కట్టకపోతే, టీడీఎస్ కట్ చేసి కట్టకపోతే ఏం చేయాలో ఎవరికైనా తెలుసా? ట్యాక్స్ వాళ్ళ నుంచి డిమాండ్ నోటీసు వచ్చింది, ఇంట్లో అదొక టెన్షన్.

పల్లావరం_టెక్నీషియన్:

నాకు తెలిసింది చెప్తా, లాయర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

టీడీఎస్: జీతంలోంచి కోసుకుని కంపెనీ కట్టకపోతే ఆ పన్ను మళ్ళీ ఉద్యోగిని కట్టమనకూడదు, పాత ఆదాయపన్ను చట్టం సెక్షన్ 205 చెప్పేది అదే. కోసినట్టు రుజువు మాత్రం మన చేతిలో ఉండాలి. పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఫారం 16 ఉంటే అదీ. ఫారం 26ఏఎస్‌లో (మన పేరు మీద ప్రభుత్వానికి చేరిన పన్ను లెక్క) ఏ నెలల టీడీఎస్ కనిపించట్లేదో పక్కన రాసి పెట్టుకుని నోటీసుకి జవాబివ్వాలి. ఊరుకోవద్దు, ఊరుకుంటే వడ్డీ కూడా కలుపుతారు.

పీఎఫ్: అది దివాలా తీసిన కంపెనీ ఆస్తిలో కలవదు, గ్రాట్యుటీ నిధి కూడా అంతే, దివాలా చట్టం సెక్షన్ 36లో ఉంది. జెట్ కేసులో పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని 2022 అక్టోబర్‌లో ఎన్‌సీఎల్ఏటీ (ఎన్‌సీఎల్‌టీ మీద అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్) చెప్పింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు. తర్వాత జెట్‌ని కొనే ప్లానే కూలిపోయి 2024 నవంబర్‌లో లిక్విడేషన్‌కి (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి కంపెనీని మూసేయడం) వెళ్ళింది, అది వేరే బాధ. ఈపీఎఫ్ఓలో కూడా విడిగా కంప్లయింట్ పెట్టండి.

జీతం బకాయి: కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్ళిందా లేదా చూడండి. వెళ్ళాక వర్క్‌మెన్‌కి (చట్టం కార్మికులుగా లెక్కించేవాళ్ళు) 24 నెలల బకాయి, తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానంగా. మిగతా ఉద్యోగులకి 12 నెలలది, వాళ్ళ తర్వాత. మెలిక ఎక్కడుందంటే ఆ నెలలు లిక్విడేషన్ మొదలైన తేదీ నుంచి వెనక్కి లెక్క. విమానాలు ఆగిన ఏళ్ళకి లిక్విడేషన్ ఆర్డర్ వస్తే ఆ మధ్యకాలంలో పనే లేదు కదా, అప్పుడు లెక్కలోకి వచ్చే జీతమూ ఉండకపోవచ్చు. లాయర్‌ని మొట్టమొదట అడగాల్సింది ఇదే. మీ చెల్లెలు వర్క్‌మన్ కిందకి వస్తుందా అనేది రెండోది. కౌంటర్ ఉద్యోగమే అయినా డిజిగ్నేషన్‌లో ఎగ్జిక్యూటివ్ అని ఉంటే అవతలివాళ్ళు అది పట్టుకుంటారు, కాబట్టి రోజూ చేసిన పని ఏంటో చూపించే డ్యూటీ రోస్టర్లు, మెయిల్స్ ఉంటే ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టమనండి. కంపెనీ మెయిల్ సర్వర్‌కి డబ్బు కట్టేవాడు లేకపోతే అది కూడా ఆగిపోతుంది.