‘ట్రావెల్స్‌లో వచ్చాను’ తప్పెలా అవుతుంది?

మా అమ్మాయి ఆరో తరగతి. ‘ట్రావెల్’ అనే మాటతో మూడు సొంతవాక్యాలు రాసుకురమ్మన్నారు బళ్లో. మొదటిది ‘ఐ లైక్ టు ట్రావెల్’. దానికి టిక్కు పడింది. రెండోది ‘మై అంకుల్ కేమ్ బై ట్రావెల్స్’, మూడోది ‘వుయ్ హ్యాడ్ ఎ లాంగ్ ట్రావెల్’. ఈ రెండింటినీ ఎర్ర సిరాతో కొట్టేశారు. ఎందుకు తప్పో పక్కన ఒక్క ముక్క రాయలేదు. “ఎందుకు తప్పో నువ్వు చెప్పు నాన్నా” అని పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

మూడోదాని సంగతి తేలికే. ట్రావెల్ నామవాచకంగా వచ్చినప్పుడు లెక్కకు లొంగదు. ఒక బియ్యం, రెండు బియ్యం అనం కదా, అలాగే ‘ఎ ట్రావెల్’ అనరు. లెక్క కావాలంటే జర్నీ ఉంది, ట్రిప్ ఉంది. ‘వుయ్ హ్యాడ్ ఎ లాంగ్ జర్నీ’ అంటే గొడవే లేదు.

రెండోదాని దగ్గరే నేను ఆగిపోయాను. పిల్ల రాసింది నిఖార్సైన తెలుగు వాక్యం మరి. “పండక్కి ఆర్టీసీలో వస్తున్నావా, ట్రావెల్స్‌లోనా?” అని మనం రోజూ అడిగేదే. కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో రాత్రి పదింటికి బ్యాగు పక్కన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డవాడిని ఎవరినడిగినా “ట్రావెల్స్ కోసం చూస్తున్నా” అంటాడు. బస్సు వెనక కంపెనీ పేరు చివర రాసి ఉండే మాటే బస్సుకు పేరైపోయింది. ఇంగ్లీషులోనూ ‘ట్రావెల్స్’ అని బహువచనం లేకపోలేదు. గలివర్ కథ 1726లో అచ్చయినప్పుడే దాని పేరులో ఉంది. అయితే అది ఒక మనిషి చేసిన దేశాటనలన్నీ కలిపి చెప్పే మాట. అందులో స్లీపర్ బెర్తు దొరకదు.

ఇలా వెతకడం మొదలుపెడితే మిగతావాళ్లూ వరసగా దొరికారు. జర్నీ సంగతి చూడండి. “మా అమ్మకు జర్నీ పడదు” అంటే బస్సెక్కితే వాంతులవుతాయని. “జర్నీ చేసి వచ్చావు, కాసేపు పడుకో” అంటే అందులో ఒళ్లునొప్పులు కూడా కలిసే ఉన్నాయి. ఇంగ్లీషు జర్నీకి ఈ కడుపులో తిప్పడం లేదు, దానికి వేరే మాట కావాలి. ఇక “అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు” అన్నది మనవాళ్ల అసలైన సృష్టి. గుంటూరులో ఇల్లు, విజయవాడలో ఉద్యోగం, రోజూ రైలు. దీన్ని ఇంగ్లీషువాళ్లు కమ్యూట్ అంటారు. మన అప్ అండ్ డౌన్ విని వాళ్లు లిఫ్టు ఆపరేటరు అనుకున్నా అనుకుంటారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ట్రిప్పు. ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలుసు, ఇసుక ట్రిప్పుల్లో వస్తుంది. “ట్రాక్టర్ ట్రిప్పు ఎంత?” “స్లాబుకి ఇంకో నాలుగు ట్రిప్పులు పడుతుంది.” ఇదివరకు ‘రెండు బళ్ల ఇసుక’ అనేవాళ్లు. అప్పుడు బండి కొలత, ఇప్పుడు ట్రిప్పు కొలత. స్కూలు వ్యాను ఫస్టు ట్రిప్పు, సెకండు ట్రిప్పు కూడా అంతే. అక్కడ విహారమూ లేదు, యాత్రా లేదు, లెక్క మాత్రమే ఉంది. విహారం కావాలంటే మనం ‘టూరు’ వేస్తాం, కుర్రాళ్లైతే గోవా ట్రిప్పు అంటారు. పొలంలో మోటారు ట్రిప్పయితే అది మళ్లీ వేరే కథ.

ట్రిప్పు మన ‘త్రిప్పు’లోంచే ఇంగ్లీషుకు వెళ్లిందని ఒక పెద్దాయన రాశారు. త్రిప్పు, తిప్పు, తిరుగు ఒక కుటుంబమన్న మాట నిజమే. ఒకసారి వెళ్లి తిరిగి రావడం ట్రిప్పు కాబట్టి వినడానికి బాగుంటుంది కూడా. కానీ కుదరదండీ. ఇంగ్లీషు ట్రిప్‌కు మొదటి అర్థం తేలిగ్గా అడుగులేస్తూ నడవడం, గెంతడం. కాలు తట్టుకుని తూలడం అక్కడినుంచే వచ్చింది. ప్రయాణమన్న అర్థం ఆ తర్వాతెప్పుడో ఓడవాళ్ల నోట మొదలైంది.

ట్రావెల్ పుట్టుక ఇంకా కష్టమైనది. దాని తోబుట్టువు ట్రవేల్ అంటే బండచాకిరీ, పురిటినొప్పులు. ఆ రెంటి వెనకా మూడు కొయ్యలతో చేసిన ఒక హింసాయంత్రం లాటిన్ పేరు ఉందంటారు. జర్నీ మాత్రం ఫ్రెంచి ‘జూర్’, అంటే రోజు అన్న మాటలోంచి వచ్చింది. ఒక రోజులో నడవగలిగినంత దూరం జర్నీ. ఇది చదవగానే నాకు మన మజిలీ గుర్తొచ్చింది. అరబ్బీ మంజిల్ మనదాకా వచ్చి మజిలీ అయింది, అంటే దిగి ఆగే చోటు. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చారు. పల్లకీ బోయీలతో సాగిన ఆ పదిహేను నెలల దారినీ ఆయన మజిలీ తర్వాత మజిలీగా రాసుకున్నారు. వాళ్లు నడకకు పేరు పెట్టారు, మనం ఆగిన చోటుకు పేరు పెట్టుకున్నాం. లెక్క మాత్రం ఇద్దరిదీ రోజుల్లోనే.

‘హ్యాపీ జర్నీ’కి తెలుగేమిటని కొందరు అడుగుతుంటారు. ‘శుభ ప్రయాణం’ తప్పు కాదు గానీ అది బ్యానర్ల భాష. ఊరు దాటేచోట బోర్డు మీద ఉంటుందే, ‘క్షేమంగా వెళ్లి లాభంగా రండి’ అని, నాకు అదే ఇష్టం. అందులో రావడం కూడా ఉంది. అందుకే కదా గడప దాటుతూ ‘వెళ్తున్నా’ అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, ‘వెళ్లొస్తా’ అనాలి.

అన్నట్టు మా అమ్మాయి వాక్యం దిద్దుకుంది. ‘మై అంకుల్ కేమ్ బై ప్రైవేట్ బస్’. ఆదివారం మా బావమరిది వచ్చినప్పుడు గర్వంగా చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, “ప్రైవేట్ బస్సేంటమ్మా, నేనొచ్చింది ట్రావెల్స్‌లో కదా!” అన్నాడు.