బీటిల్స్ ఆల్బమ్‌లు వరసగా వినాలంటే: మోనోనా, స్టీరియోనా?

రంగుల_రేడియో అడిగారు:

బీటిల్స్ బ్రిటన్ ఆల్బమ్‌లన్నీ 1963 నుంచి 1970 దాకా వరసలో, ఒక్క పాటా దాటేయకుండా వినాలని ఉంది. 'ప్లీజ్ ప్లీజ్ మీ' దగ్గరే ఆగిపోయాను. హెడ్‌ఫోన్లో గొంతులన్నీ కుడి చెవిలో, వాయిద్యాలన్నీ ఎడమ చెవిలో వస్తున్నాయి. నాలుగో పాటకే తల బరువెక్కుతోంది. వేరే హెడ్‌ఫోన్ పెట్టినా అంతే. ఫోన్ సెట్టింగుల్లో 'మోనో ఆడియో' (రెండు చెవులకూ ఒకే ధ్వని) ఆన్ చేస్తే సరిపోతుందా, లేక మోనో రికార్డులే వెతుక్కోవాలా? ఇంకోటి, రీమాస్టర్, రీమిక్స్ అని ఒక్కో ఆల్బమ్‌కి రెండు మూడు కనిపిస్తున్నాయి. మొదటిసారి వినేవాడికి ఏది మంచిది?

నల్లపళ్లెం:

హెడ్‌ఫోన్ తప్పేం లేదండీ, రికార్డింగే అలాంటిది. మొదటి రెండు ఆల్బమ్‌లు రెండు ట్రాకుల టేపు మీద చేశారు: ఒక ట్రాకులో వాయిద్యాలు, రెండోదాంట్లో గొంతులు. ఉద్దేశం స్టీరియో (చెవికో ధ్వని) కాదు. తర్వాత రెండిటి పాళ్లు సరిచూసి మోనోగా కలపడానికే అలా విడిగా పట్టారు. వాటినే యథాతథంగా చెరో చెవికి పంపేస్తే ఆనాటి 'స్టీరియో' అయిపోయింది. నాలుగు ట్రాకుల యంత్రం 1963 అక్టోబర్లో గానీ చేతికి రాలేదు.

అప్పట్లో ఇంగ్లండులో కుర్రకారు ఇళ్లలో ఉన్నవి మోనో ప్లేయర్లే. అందుకే 1967 'సార్జెంట్ పెప్పర్స్' దాకా బ్యాండ్ వాళ్లు దగ్గర కూర్చుని శ్రద్ధగా మిక్స్ చేయించుకున్నది (పాళ్లు కలిపించుకున్నది) మోనోనే. కాబట్టి నా మాట: పెప్పర్ దాకా మోనో, 'అబ్బే రోడ్' (1969), 'లెట్ ఇట్ బీ' (1970) స్టీరియో. ఆ రెండిటికీ అసలు మోనో మిక్సే లేదు. 'ఎల్లో సబ్‌మెరైన్' మోనో రికార్డు స్టీరియోని కలిపి నొక్కేసిందే, దాని వెంట పడకండి.

పెప్పర్‌లో తేడా ఎంతుంటుందో తెలియాలంటే 'షీజ్ లీవింగ్ హోమ్' రెండు రకాలుగా వినండి. మోనోలో టేపు వేగం ఎక్కువ, అర శ్రుతి పైన ఉంటుంది. స్టీరియోలో అదే పాట ఈడ్చినట్టుంటుంది. 'లూసీ ఇన్ ద స్కై'లో గొంతు మీద సుడి తిరిగినట్టుండే ఆ ధ్వని మోనోలోనే చిక్కగా ఉంటుంది.

మోనోలన్నీ 2009లో సీడీల బాక్సు సెట్‌గా వచ్చాయి, 2014లో ఎల్పీలుగా వచ్చాయి. సీడీ సెట్లో ఇంకో లాభముంది. 'హెల్ప్!', 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌ల 1965 నాటి స్టీరియో మిక్సులు కూడా అందులో ఉన్నాయి. మామూలుగా దొరికే స్టీరియో, బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ 1987 సీడీల కోసం మళ్లీ చేసినది.

తీగమీటు:

ఫోన్లో 'మోనో ఆడియో' నొక్కడం, మోనో మిక్స్ వినడం ఒకటి కావు. రెండు చెవుల ధ్వనినీ కలిపినప్పుడు మధ్యలో పెట్టినవి (చాలాసార్లు గొంతు, బేస్) పక్కలకున్న వాటికంటే సుమారు 3 డెసిబెల్స్ పైకి లేస్తాయి. ఇంజనీరు పెట్టిన పాళ్లు చెదిరిపోతాయి. మొదటి రెండు ఆల్బమ్‌లలో మధ్యలో పెద్దగా ఏమీ లేదు కనుక అక్కడ ఈ కిటుకు ఫరవాలేదు. అలాగని అదే మోనో వస్తుందనుకోవద్దు, ఎందుకంటే కొన్నిచోట్ల వాడిన టేకులే (ఒక్కోసారి పాడి రికార్డు చేసినవే) వేరు. 'ప్లీజ్ ప్లీజ్ మీ' పాట స్టీరియోలో చివరి చరణం దగ్గర బ్యాండ్ గాయకుడు జాన్ లెనన్ మాట తప్పి, నవ్వు ఆపుకోవడం వినిపిస్తుంది. మోనోలో అది లేదు.

మోనో దొరక్కపోతే కంప్యూటర్లో ఫూబార్2000 అనే ప్లేయర్ పెట్టుకుని దానికి బీఎస్2బీ క్రాస్‌ఫీడ్ అనే అదనపు భాగం జోడించండి. 700 హెర్ట్జ్, 4.5 డెసిబెల్స్ చాలు. ఎడమ ధ్వని కొంచెం కుడికి, కుడిది కొంచెం ఎడమకి చేరి, ఎదురుగా స్పీకర్లున్నట్టు అనిపిస్తుంది. తలనొప్పి అక్కడితో సరి. స్పీకర్ల మీద వింటే ఇదేదీ అక్కర్లేదు, గదే ఆ పని చేసేస్తుంది.

అందరూ మర్చిపోయేది నార్మలైజేషన్. అది పాట పాటకీ వాల్యూమ్ సమం చేసే పద్ధతిలో ఉంటే 'అబ్బే రోడ్' చివర 23 సెకన్ల 'హర్ మెజెస్టీ', ఒక్క గిటారు, ఒక్క గొంతు, ముందున్న బ్యాండ్ మోతతో సమానంగా చెవిలో పడుతుంది. ఆపేయండి, లేదా ఆల్బమ్ పద్ధతిలో పెట్టండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్లోనే తర్వాతిది కలిపేసే సెట్టింగ్) సున్నా చేయండి. లేకపోతే ఆ రికార్డు రెండో వైపు పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చే చోట అతుకులు పడతాయి. మొదటి వైపు చివర 'ఐ వాంట్ యూ' కత్తిరించినట్టు ఠక్కున ఆగుతుంది. ఫైలు పాడైందని మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి, టేపునే అక్కడ కోశారు.

నల్లపళ్లెం గారూ, వైట్ ఆల్బమ్ (1968) ఊసే ఎత్తలేదు మీరు. నా ఓటు స్టీరియోకి. 'హెల్టర్ స్కెల్టర్' మోనోలో ఒక నిమిషం దాకా తక్కువ, చివర్లో వేళ్లకు బొబ్బలెక్కాయన్న ఆ అరుపు ఉండదు. అది లేకపోతే పాట సగమే. 93 నిమిషాల ఆల్బమ్ కాబట్టి రికార్డు నాలుగు వైపుల్లో రెండు ఒక పూట, రెండు ఇంకో పూట వినండి. ఒక్క ఊపున కూర్చుంటే మూడో వైపు అన్యాయమైపోతుంది.

హరికాంభోజి:

ఆల్బమ్‌లు మాత్రమే వరసపెడితే కథలో కంతలు పడతాయి. వీళ్లు సింగిల్స్‌ని (విడిగా విడుదల చేసిన పాటల్ని) చాలావరకు ఆల్బమ్‌లలో చేర్చేవారు కాదు. అలాంటి పాటల సంకలనం 'పాస్ట్ మాస్టర్స్' తెచ్చుకుని మధ్యలో పెట్టండి: 'రివాల్వర్' (1966 ఆగస్టు) ముందు 'పేపర్‌బ్యాక్ రైటర్', 'రెయిన్'. 1967 ఫిబ్రవరి సింగిల్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్', 'పెన్నీ లేన్' మాత్రం అందులో ఉండవు, 'మ్యాజికల్ మిస్టరీ టూర్'లోంచి తెచ్చి పెప్పర్‌కి ముందు వినాలి. అమెరికా ఆల్బమ్‌ల జోలికి పోవద్దు. అక్కడి 'రివాల్వర్'లో 14కి 11 పాటలే, తీసేసిన మూడూ లెనన్‌వే.

సంగీతం తెలిసిన మన చెవికి ఒక చిన్న లాభం: 'నార్వీజియన్ వుడ్' పల్లవి హరికాంభోజి స్వరాల్లో నడిచి, మధ్య భాగంలో ఖరహరప్రియకి జారుతుంది. గాంధారం ఒక్కటే మారుతుంది, పట్టుకోండి. 'వితిన్ యూ వితౌట్ యూ' కూడా హరికాంభోజి స్వరాలే. అందులో బ్యాండ్ నలుగురిలో జార్జ్ హారిసన్ తప్ప మిగతా ముగ్గురూ లేరు, దిల్‌రుబా, తబలా, 8 వయొలిన్లు, 3 చెల్లోలు. పాడేటప్పుడు 16 మాత్రలు, వాయిద్యాల భాగం వచ్చేసరికి 10 మాత్రల ఝప్‌తాళం. మనవాళ్లు దాన్ని రెండు ఖండచాపులుగా చేత్తో వేసుకోవచ్చు. ఇది రాగం పేరు తగిలించుకున్న సినిమా పాటలాంటిది కాదు, లెక్క నిజంగా ఉంది. పెప్పర్‌లో చాలామంది దాటేసేది ఈ పాటనే, నాకు మాత్రం ఆల్బమ్‌కి నడుం ఇదే.

రంగుల_రేడియో:

మోనో బాక్సు కోసం చూస్తాను. మరి 2022లో వచ్చిన 'రివాల్వర్' రీమిక్స్?

నల్లపళ్లెం:

వినండి, కానీ రెండోసారి. రీమాస్టర్ అంటే పాత మిక్స్‌నే శుభ్రం చేయడం. రీమిక్స్ అంటే పాళ్లే మార్చడం. 2022 నాటిదాంట్లో ఒకే ట్రాకులో అతుక్కుపోయిన డ్రమ్స్, బేస్, గిటార్లను సాఫ్ట్‌వేర్‌తో విడదీసి జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ మళ్లీ అమర్చాడు. హెడ్‌ఫోన్లో హాయిగా ఉంటుంది, డ్రమ్స్ మధ్యకొస్తాయి. అయితే ముందు మోనో 'టుమారో నెవర్ నోస్' చెవికెక్కాక వింటేనే ఏం విప్పారో తెలుస్తుంది. ఆ బాక్సు సెట్లో మోనో డిస్కు కూడా ఉంది, రెండూ అక్కడే పోల్చుకోవచ్చు. వైట్ ఆల్బమ్ విషయంలో తీగమీటు గారిదే రైటు, ఒప్పుకుంటున్నా. 'డోంట్ పాస్ మీ బై' ఒక్కటి మాత్రం మోనోలో విని చూడండి, వేగం పెంచితే ఆ ఫిడేలు ఎంత సరదాగా తయారైందో.